గండికోట దగ్గర కారిన వాల్వు

క్యారవాన్‌లో తిరిగేవాళ్లకు పనికొస్తుందని రాస్తున్నా. గండికోట దగ్గర ఆగిన రాత్రి, ట్యాప్‌లన్నీ కట్టేసి ఉన్నా పంపు మాటిమాటికీ దానంతటదే ఆన్ అవుతోంది. టార్చి వేసి చూస్తే బండి పక్కన బయటి నీళ్ల పైపు తగిలించే చోటు నుంచి నీళ్లు కారుతున్నాయి. ఎండల్లో ట్యాంకు ఖాళీ అయిపోతుందేమోనని ఒకటే టెన్షన్.

అక్కడ లోపల చెక్ వాల్వు ఉంటుంది. బయటి నీళ్లను లోపలికి రానిస్తుంది, పంపు తోసే నీళ్లను బయటికి పోనివ్వదు. పైపు పీకేశాక కూడా కారుతుంటే అది సరిగా మూసుకోవడం లేదన్నమాట.

తెల్లారాక తమ్ముడూ నేనూ పని పట్టాం. ముందు పంపు ఆపి, ట్యాప్ తిప్పి ప్రెషర్ వదిలేశాం. ఇది తప్పనిసరి. ప్రెషర్ ఉండగా వాల్వును నొక్కితే రబ్బరు రింగు జారిపోవచ్చు. పైపు తగిలించే చోట ఉన్న జాలీ తీస్తే సన్న ఇసుక, బోరు నీళ్ల తెల్లటి ఉప్పు. వెనిగర్‌లో నానబెట్టి రుద్దితే ఉప్పు వదిలింది కానీ రింగు అప్పటికే అరిగిపోయింది.

జమ్మలమడుగులో ప్లంబింగ్ అంగడి పెద్దాయన పాత రింగు చూసి, డబ్బాలన్నీ వెతికి సరిపోయేది తీసిచ్చాడు. "యాడ నీళ్లు పట్టినా గుడ్డతో వడగట్టు నాయనా" అన్నాడు. అంత ఓపిక ఉన్న మనిషి దొరకడం మా అదృష్టం.

ఇప్పుడు చుక్క కారడం లేదు. ఇక ఫిల్టరు, బయటి నీళ్ల ప్రెషర్ మరీ ఎక్కువ కాకుండా ఆపే రెగ్యులేటర్ పెట్టించాలి. కర్నూలులో ఎక్కడైనా దొరుకుతాయా? తెలిసినవాళ్లు చెప్పండి.