బాబాయి రాగాన్ని తట్టుకున్న మైకు

ఆదివారం మధ్యాహ్నం గుంటూరు బ్రాడీపేటలో, మా ముందు గదిలో, ఫ్యాను ఆపేసి కిటికీలు మూసి కొత్త వైర్‌లెస్ కాలర్ మైకుకి పరీక్ష పెట్టాం. కొన్నది నేను, పరీక్ష పెట్టింది బాబాయి. ముప్పై ఏళ్లుగా కృష్ణుడి వేషం కడుతున్న మనిషి. పద్యం నెమ్మదిగానే ఎత్తుకుంటారు గానీ చివర రాగం అందుకున్నారంటే నా పాత మైకులో గొంతు బరబరా పగిలిపోయేది, పోనీ లెవెల్ తగ్గిద్దామా అంటే మొదటి మాటలు వినపడి చావవు. అందుకే ఈసారి 32 బిట్ ఫ్లోట్ రికార్డింగ్ ఉన్నది తెచ్చాను.

మామూలు 24 బిట్ ఫైల్లో ఒక కప్పు ఉంటుంది, దాన్ని దాటిన సౌండు తల తెగిపోతుంది, ఇక అది తిరిగి రాదు. ఫ్లోట్‌లో ఆ కప్పు ఎక్కడో పైన ఉంటుంది కాబట్టి తర్వాత కంప్యూటర్లో తగ్గించుకుంటే చాలు.

తీరా ఫోన్లో వింటే మళ్లీ అదే బరబర! డబ్బులు దండగ అనుకున్నాను. సాయంత్రం అనుమానం వచ్చి, బాబాయి కండువాకి పెట్టిన ట్రాన్స్‌మిటర్ లోపలి మెమరీలోని ఫైలు తీసి చూస్తే రాగం మొత్తం నున్నగా ఉంది. ఫ్లోట్ ఉన్నది ఆ డబ్బీలోనే, గాల్లో ఫోనుకి వచ్చేది మామూలు సౌండే. పెట్టె మీద ఈ ముక్క చిన్న అక్షరాల్లో ఉంది, మనం చదివితేగా. అయినా మైకు గుండే తట్టుకోలేనంత సౌండైతే ఫ్లోట్ కూడా చేసేదేమీ లేదు.

ఫ్యాను వేసి కూడా చూశాం. ఆ హోరు ఏ బిట్లతోనూ పోలేదు, మైకుని గడ్డం కింద జానెడు దూరానికి జరిపాకే తగ్గింది. దూరం సగమైతే గొంతు దాదాపు 6 డెసిబెల్స్ పెరుగుతుంది, దీనికి కొత్త టెక్నాలజీ అక్కర్లేదు, పిన్నీసు చాలు.

ఇంకోటి, ఈ మైకు 2.4 గిగాహెర్ట్జ్ రేడియో సిగ్నల్ మీద నడుస్తుంది, ఒంట్లో నీళ్లు ఆ సిగ్నల్‌ని మింగేస్తాయి. బాబాయి వంటింటి వైపు నడిచి వీపు తిప్పగానే మాట తెగింది.

"అయితే నేను వెనక్కి తిరిగితే కృష్ణుడు మాయమేనంట్రా?"

రాత్రి ఇయర్‌ఫోన్స్ పెట్టుకుని మొత్తం విన్నారు.

"రెండో పాదంలో ఊపిరి తీసుకున్నది కూడా పడిందిరా, అది తీసెయ్."

ఇంకా తీయలేదు.