డేటాషీట్‌లో 110, మే ఎండలో 95: సిమ్యులేషన్‌లో ఇన్వర్టర్ పరిమితి లెక్క

ప్యానెళ్ళ డీసీ కరెంటుని ఏసీగా మార్చే 100 కిలోవాట్ల ఇన్వర్టర్‌కి 130 కిలోవాట్‌పీక్ (ప్రామాణిక పరీక్షలో ఇచ్చే గరిష్ఠ శక్తి) ప్యానెళ్ళు కడితే, ఎండ బాగా కాసిన రోజు ఉత్పత్తి గ్రాఫ్ నడినెత్తిన కోసేసినట్టు బల్లపరుపుగా వస్తుంది. ఇదే క్లిప్పింగ్. అప్పుడు ఎంపీపీటీ (ప్యానెళ్ళ నుంచి గరిష్ఠ శక్తి లాగేలా చూసే ఇన్వర్టర్ భాగం) ప్యానెళ్ళ వోల్టేజీని ఓపెన్ సర్క్యూట్ (కరెంటే లాగని స్థితి) వైపు జరిపి తక్కువ కరెంటు లాగుతుంది. తీసుకోని శక్తి ప్యానెళ్ళలోనే వేడిగా మిగిలిపోతుంది.

చాలామంది సిమ్యులేషన్ కోడ్‌లో దీన్ని ఒక్క ‘మినిమమ్’ ఫంక్షన్‌తో తేల్చేస్తారు. తప్పు అక్కడే మొదలవుతుంది. సోలార్ లెక్కల పైథాన్ లైబ్రరీ పీవీలిబ్‌లోని పీవీవాట్స్ ఇన్వర్టర్ మోడల్ అడిగే ‘పీడీసీ0’ డీసీ వైపు పరిమితి. డేటాషీట్‌లోని 100 కిలోవాట్ల ఏసీ రేటింగ్‌ని అందులో పెడితే, డిఫాల్ట్ సామర్థ్యం 0.96 కాబట్టి అవుట్‌పుట్ 96 దగ్గరే ఆగిపోతుంది. ఎర్రర్ ఏమీ రాదు, కాబట్టి ఎవరూ గమనించరు. అక్కడ పెట్టాల్సింది 100ని 0.96తో భాగిస్తే వచ్చే 104.17. పీవీలిబ్‌లోనే ఉన్న మరో ఇన్వర్టర్ మోడల్ శాండియాలో ఈ చిక్కు లేదు. దానిలోని ‘పీఏసీవో’ నేరుగా ఏసీ గరిష్ఠమే.

ఆ గరిష్ఠం కూడా రోజంతా ఒకేలా ఉండదు. 40 డిగ్రీల వరకు 110 కేవీఏ, 50 డిగ్రీల దగ్గర 100 కేవీఏ ఇచ్చే ఇన్వర్టర్ తీసుకుందాం. కేవీఏ అంటే కిలోవాట్ కాదు. పని చేసే కిలోవాట్లూ, గ్రిడ్ వోల్టేజీని నిలబెట్టే రియాక్టివ్ పవరూ రెండూ ఆ కేవీఏలోనే ఇమడాలి. మన దేశంలో గ్రిడ్ కనెక్టివిటీ ప్రమాణాలు సోలార్ ప్లాంట్లు 0.95 పవర్ ఫ్యాక్టర్ (కిలోవాట్లని కేవీఏతో భాగిస్తే వచ్చేది) దాకా రియాక్టివ్ పవర్ ఇవ్వగలగాలని అంటాయి. ఆ అంచున నడుస్తుంటే 50 డిగ్రీల దగ్గర చేతికొచ్చేది 95 కిలోవాట్లే. రాయలసీమ మే మధ్యాహ్నం బయటి గాలి 43, 44 డిగ్రీలు ఉన్నా, మూసిన గదిలోని ఇన్వర్టర్ చుట్టూ అంతకన్నా ఎక్కువే ఉంటుంది. పీవీసిస్ట్ అనే సోలార్ సిమ్యులేషన్ సాఫ్ట్‌వేర్‌లో ఇన్వర్టర్ ఉష్ణోగ్రతకి ఏది ఆధారమో చూడకుండా రన్ నొక్కకండి.

అన్నిటికన్నా పెద్ద మోసం గంట సగటుది. మబ్బులాడే రోజు ఒక గంట చూడండి. మొదటి అరగంట ఇన్వర్టర్ దగ్గర 130 కిలోవాట్లు, తర్వాతి అరగంట 50 అందుబాటులో ఉన్నాయి. సగటు 90. మోడల్‌కి 100 దాటినట్టు కనిపించదు, కోత సున్నా అంటుంది. నిజానికి వచ్చేది 100, 50. అంటే గంటకి 75 యూనిట్లు. 15 యూనిట్లు కాగితం మీదే మిగిలాయి. డీసీ, ఏసీ నిష్పత్తి 1.3 దాటిన ప్లాంట్‌కి నిమిషం, కనీసం ఐదు నిమిషాల డేటా వాడాలి. మబ్బు అంచున ఎండ చదరపు మీటరుకి 1000 వాట్లు దాటే క్షణాలు 15 నిమిషాల డేటాలోనూ కరిగిపోతాయి.

ఇన్వర్టర్లన్నిటినీ కలిపి ఒకేసారి కోత పెట్టడమూ ఇలాంటి తప్పే. రెండు 50 కిలోవాట్ల ఇన్వర్టర్లలో తూర్పు ముఖం వైపుది 60, పడమటిది 40 ఇవ్వగలదు అనుకుంటే, కలిపి 100 అని వదిలేస్తారు. రావలసింది 90. ముందు ఒక్కో ఇన్వర్టర్‌కి కోత పెట్టి, కలిపాకే గ్రిడ్ పరిమితి పెట్టాలి.

ప్యానెళ్ళ అరుగుదలని చివరి యూనిట్ల మీద కాకుండా డీసీ వైపే తగ్గించండి. కోత పడే గంటల్లో డీసీ అర శాతం తగ్గినా ఏసీ తగ్గదు. అందుకే అలాంటి ప్లాంట్ మొదటి ఏళ్ళలో అరుగుదల రేటు కన్నా నెమ్మదిగా తగ్గుతుంది, క్లిప్పింగ్ నష్టం ఏటేటా చిక్కిపోతుంది. 25 ఏళ్ళకీ మొదటి ఏడాది క్లిప్పింగ్ శాతాన్నే వేస్తే ఆ తేడా మొత్తం పోతుంది.