“ఆమె మీకేమవుతుంది?” అని అడిగారు

అక్రమంగా ప్రవేశించిన శరణార్థులకు పౌరసత్వం నిరాకరించే నిబంధన మీద నేను రాసిన ఉత్తరానికి నిన్న మధ్యాహ్నం మా ఎంపీ కార్యాలయం నుంచి జవాబు వచ్చింది. రెండు పేజీలు. నేను అడిగిన నాలుగు ప్రశ్నల్లో ఒక్కదానికీ అందులో సమాధానం లేదు. కోపం చల్లారకముందే ఇది రాస్తున్నాను. బ్రిటన్‌లో ఉంటున్న మనవాళ్లలో ఇంకొందరైనా తమ ఎంపీలను నిలదీసే ఈ పనికి పూనుకోవాలని నా కోరిక.

నాతోపాటు వృద్ధాశ్రమంలో పనిచేసే స్నేహితురాలిది సూడాన్. 2014 డిసెంబరులో లారీలో సరుకుల మధ్య దాక్కుని ఈ దేశం చేరింది. ఆమెను శరణార్థిగా గుర్తించింది ప్రభుత్వమే. శాశ్వత నివాసం ఇచ్చిందీ ప్రభుత్వమే. అక్రమంగా ప్రవేశించినవారు పౌరసత్వం అడిగితే, వచ్చి పదేళ్లు దాటాక ఆ సంగతిని మామూలుగా పక్కన పెట్టేవారు. అందుకే ఆమె పదేళ్లూ ఓపిక పట్టింది. 2024 డిసెంబరుతో ఆ గడువు తీరింది. దరఖాస్తు రుసుము అప్పుడు 1,630 పౌండ్లు. ఫిబ్రవరి జీతం కూడా చేతికొస్తే గానీ ఆ డబ్బు సమకూరదు. ఈలోగా 2025 ఫిబ్రవరి 10న హోం శాఖ తలుపు మూసేసింది. ఆ రోజు నుంచి దరఖాస్తు చేసేవారు ఎప్పుడో అక్రమంగా ప్రవేశించి ఉంటే, ఎన్నేళ్లు గడిచినా మామూలుగా తిరస్కరిస్తారు. ఇందుకోసం కొత్త చట్టమేమీ చేయలేదు. అధికారులు చూసుకునే మార్గదర్శకాలను మార్చారు, అంతే. ‘సత్ప్రవర్తన’ అనే షరతు కింద దీన్ని చేర్చారు.

ఏళ్ల తరబడి మంచాన పడ్డ ముసలివాళ్ల ఒళ్లు తుడిచి, మందులు మింగించి, చివరి ఘడియల్లో చెయ్యి పట్టుకుని కూర్చున్న మనిషికి సత్ప్రవర్తన లేదట. ఆ మాట నాకు నిద్ర పట్టనివ్వలేదు.

ఇలాంటి నిబంధనను మార్చమనే పిటిషన్ మీద సంతకం పెట్టడం రెండు నిమిషాల పని. ఎంపీకి ఉత్తరం రాయడమూ కష్టం కాదు, కాకపోతే పైన పూర్తి చిరునామా, పోస్ట్‌కోడ్ ఉండాలి. ఎవరో తయారుచేసి పెట్టిన నమూనా ఉత్తరం మాత్రం పంపకండి. అలాంటివాటిని అక్కడ ఎవరూ చదవరని నా నమ్మకం.

అసలు పరీక్ష ముఖాముఖిలో ఎదురైంది. మా ఎంపీ శుక్రవారాల్లో గ్రంథాలయం పైఅంతస్తులో జనాన్ని కలుస్తారు. మాకు పది నిమిషాలు ఇచ్చారు. ఇద్దరం వెళ్లాం. నా స్నేహితురాలు నీలం ఫైలు తెచ్చుకుంది. జీతం చీటీలు, పన్ను కాగితాలు, పిల్లల బడి సర్టిఫికెట్లు, పౌరసత్వ పరీక్షలో నెగ్గినట్లు వచ్చిన ఉత్తరం, ఒక్కొక్కటీ విడివిడిగా ప్లాస్టిక్ కవర్లలో ఉన్నాయి. ఇరవై నాలుగు ప్రశ్నలున్న ఆ పరీక్ష ఆమె మొదటిసారే నెగ్గింది. గుమ్మం దగ్గర ఎంపీ సహాయకుడు ఆమె చిరునామా చూసి, “మీరు పక్క నియోజకవర్గంవారు, బయట కూర్చోండి” అన్నాడు. ఎవరి నియోజకవర్గంవారి గోడు వారే వినాలన్నది ఇక్కడి ఎంపీల ఆనవాయితీ, నిజమే. కానీ ఎవరి బతుకు గురించి మాట్లాడబోతున్నామో ఆ మనిషి బాలల విభాగంలో చిన్నపిల్లల కుర్చీలో ఒదిగి కూర్చుంది. నేను లోపలికి వెళ్లాను.

“ఆమె మీకేమవుతుంది?” ఇది సహాయకుడి మొదటి ప్రశ్న. స్నేహితురాలన్నాను. “మీరు బ్రిటిష్ పౌరులా?” కాదన్నాను. అతని కలం అక్కడే ఆగిపోయింది. అప్పుడు చెప్పాను: భారత పౌరులం కామన్వెల్త్ దేశస్థులం, ఇక్కడ సక్రమంగా నివసిస్తున్న మాకు పార్లమెంటు ఎన్నికల్లో ఓటు ఉంది, కిందటిసారి నేను వేశాను కూడా. ఎంపీ అప్పుడు తలెత్తి నా వైపు చూశారు. మనకు ఓటుందన్న సంగతి మనవాళ్లలో చాలామందికి తెలియదు. సూడాన్ కామన్వెల్త్‌లో లేదు కాబట్టి నా స్నేహితురాలికి ఆ ఓటు లేదు. పౌరసత్వం వస్తేనే వస్తుంది. ఈ నిబంధనతో ఎవరికి నష్టమో, వాళ్ల చేతిలో దాన్ని ఎదిరించే ఓటు ఉండదు.

1951 శరణార్థుల ఒప్పందం ప్రతి తీసి ముందు పెట్టాను. ప్రాణభయంతో నేరుగా వచ్చి, ఆలస్యం చేయకుండా అధికారుల ముందుకు వచ్చినవారిని అక్రమ ప్రవేశం పేరిట శిక్షించరాదని 31వ అధికరణం అంటుంది. శరణార్థులు పౌరులయ్యే దారిని వీలైనంత సులభం చేయాలని, రుసుములు తగ్గించాలని 34వ అధికరణం చెబుతుంది. సహాయకుడు కాగితం అటూ ఇటూ తిప్పి, “మీ దేశం దీని మీద సంతకం చేయలేదు కదా” అన్నాడు.

నా నోట మాట రాలేదు. అతను అన్నది నిజం. భారత్ ఇప్పటికీ సంతకం చేయలేదు. నా ముఖం వేడెక్కింది, చెవులు హోరెత్తాయి. ఇంతలో పది నిమిషాలు అయిపోయాయి. మెట్లు దిగుతుంటే జవాబు తట్టింది: సంతకం చేసి మాట తప్పుతున్నది బ్రిటన్. అడగాల్సింది ఆ దేశాన్నే. వెళ్లేవాళ్లు ఈ జవాబును ముందే సిద్ధం చేసుకోండి. ఆ ప్రశ్న తప్పకుండా వస్తుంది.

ఇంకో ప్రశ్న మనవాళ్ల నుంచే వస్తుంది. “మనం వీసా తీసుకుని విమానంలో వచ్చాం, వాళ్లు లారీల్లో వస్తే ఎలా?” అని మా తెలుగు స్నేహితుల విందులో ఒకాయన అన్నారు. అయ్యా, శరణు కోరడానికంటూ బ్రిటన్ ఇచ్చే వీసా ఏదీ లేదు. శరణు కోరాలంటే ముందు ఈ నేల మీద కాలు పెట్టాలి. దారి లేకుండా చేసి, దారి తప్పి వచ్చావని ఆ మనిషి శీలాన్ని వేలెత్తి చూపడం ఏ న్యాయం? అధికార లేబర్ పార్టీ ఎంపీ స్టెల్లా క్రీసీయే ఈ మార్పును బాహాటంగా వ్యతిరేకించారు.

నిన్నటి జవాబులో ‘ప్రత్యేక పరిస్థితులుంటే అధికారులు మినహాయింపు ఇవ్వవచ్చు’ అన్న వాక్యం ఒకటి ఉంది. ఆ మినహాయింపును నమ్ముకుని అంత రుసుము కట్టే ధైర్యం ఆమెకు లేదు. నేనూ కట్టమనలేను.

ఈ ఉదయం రెండో ఉత్తరం పోస్టు చేశాను. ఈసారి ఆ నాలుగు ప్రశ్నలకూ అంకెలు వేశాను. మా వృద్ధాశ్రమంలో పనిచేసే మరో పదకొండు మంది సంతకాలు పెట్టారు, అందరూ ఈ నియోజకవర్గం ఓటర్లే. పన్నెండో సంతకం నాది. నా స్నేహితురాలు పక్కనే నిలబడి ఒక్కొక్క చిరునామా కింద పోస్ట్‌కోడ్ సరిగ్గా ఉందో లేదో చూసి, కవరు తానే అంటించింది.