పొలమారినా దగ్గు రాని మనుషులు

భాష, యాస కొత్తైన ఈ ఆసుపత్రిలో నర్సుగా చేరిన మొదట్లో నన్ను అన్నిటికంటే ఏడిపించింది హ్యాండోవర్. షిఫ్ట్ మారేటప్పుడు 12 మంది పేషెంట్ల సంగతి పావుగంటలో చెప్పేసేవారు. సగం పొడి అక్షరాలు, సగం నా చెవికి ఎక్కని యాస. ఒకసారి అడిగితే మళ్లీ చెప్పేవారు, రెండోసారి అడగడానికి నాకే సిగ్గేసేది. రాసుకున్న నాలుగు ముక్కలు పట్టుకుని బెడ్ దగ్గరికి వెళ్లి, మిగతాది మనిషిని చూసి తెలుసుకునేదాన్ని.

నన్ను వేసింది న్యూరాలజీ వార్డులో. అక్కడ ఎక్కువమంది 70 దాటినవాళ్లే. ఒళ్లు వణికి బిగుసుకుపోయే పార్కిన్సన్స్, స్ట్రోక్, కండరాలు తొందరగా అలసిపోయే మయస్తీనియా, చక్కెర వ్యాధి వల్ల కాళ్లలో స్పర్శ పోయినవాళ్లు. నరాల జబ్బుతో వచ్చి చేరతారు గానీ, చాలామందిని ప్రాణం మీదికి తెచ్చేది ఆ జబ్బు కాదు, దాని పక్కన చోటు చూసుకుని దూరే నిమోనియా, మూత్రంలో ఇన్ఫెక్షన్, పడుకునే ఉండటంతో పుండు పడే బెడ్‌సోర్. ఇది చదువుకునేటప్పుడు నాకూ చెప్పారు. పరీక్షలో రాసి మార్కులు కూడా తెచ్చుకున్నాను.

చేరిన మూడో నెలలో ఒక నైట్ డ్యూటీ. పార్కిన్సన్స్ ఉన్న పెద్దాయన, మామూలుగా రాత్రి పదిసార్లు బెల్ కొట్టే మనిషి. ఆ రాత్రి ఒక్కసారీ కొట్టలేదు. టెంపరేచర్ 37.2 డిగ్రీల సెల్సియస్, దగ్గు లేదు. "ప్రశాంతంగా నిద్రపోయారు" అని చార్ట్‌లో రాశాను. నిజం చెప్పాలంటే, హమ్మయ్య అనుకున్నాను. తెల్లవారాక సీనియర్ నర్సు వచ్చి, ఆయన ఛాతీ వైపు చూస్తూ వాచీ పట్టుకుని పూర్తి నిమిషం నిలబడింది. 28 శ్వాసలు. నేను రాత్రంతా అంచనాతో 16 అని వేసుకుంటూ పోయాను. ఎక్స్‌రేలో కుడి ఊపిరితిత్తి కింది భాగంలో తెల్లటి మచ్చ, నిమోనియా. "ఎప్పుడూ గోల చేసే మనిషి గోల మానేస్తే నాకు ఫోన్ చెయ్యి" అంది, అంతే. తిట్టి ఉంటే కాస్త తేలిగ్గా ఉండేదేమో.

ఆ వారం అమ్మకు ఫోన్‌లో చెబితే, "జ్వరం లేదన్నావుగా, మరి నీ తప్పేముంది?" అంది. నేనూ ఆ రాత్రి సరిగ్గా అలాగే ఆలోచించాను. వయసు మళ్లిన ఒంట్లో జ్వరం అంత తొందరగా పైకి రాదు. ఎప్పుడూ 36 ఉండే మనిషికి 37.2 అంటే ఒక డిగ్రీకి పైగా పెరిగినట్టు. ఆ అంకెను మిగతావాళ్ల అంకెలతో పోల్చి చూస్తే ఏమీ లేదనిపిస్తుంది, ఆయన నిన్నటి అంకెతో పోలిస్తే కనిపిస్తుంది. ఇన్ఫెక్షన్ వచ్చిందని చాలామందిలో ముందు చెప్పేది తికమక మాటలో, మగతో, ఉన్నట్టుండి కాలు నిలవకపోవడమో. మంచం దిగి గొడవ చేసేవాళ్లను వార్డంతా గమనిస్తుంది. మగతలోకి జారిపోయేవాళ్లను మంచి పేషెంట్ అంటాం.

ఇక దగ్గు. మనకు పొలమారడం అనే మంచి మాట ఉంది. మెతుకు దారి తప్పగానే ఒళ్లంతా కదిలిపోయేలా దగ్గు వచ్చి దాన్ని బయటికి తోసేస్తుంది. పార్కిన్సన్స్‌లో, స్ట్రోక్ తర్వాత, ఆ కాపలా చాలామందిలో మొద్దుబారుతుంది. నీళ్లు శ్వాసనాళంలోకి దిగినా దగ్గు రాదు, మనిషి ముఖం కూడా మారదు. పొలమారుతుంది, కానీ పొలమారినట్టు ఎవరికీ తెలియదు. అందుకే నీళ్లు తాగించాక వాళ్లను మాట్లాడించి వింటాను. గొంతు తడిగా, గరగరమంటూ వస్తే గ్లాసు పక్కన పెట్టేసి, మింగడాన్ని పరీక్షించే స్పీచ్ థెరపిస్ట్‌కు చెబుతాను. భాష సరిగ్గా రాని రోజుల్లో మాటల అర్థం కంటే గొంతునే ఎక్కువ వినేదాన్ని, ఆ అలవాటు ఇక్కడ పనికొచ్చింది.

తినేటప్పుడు నిటారుగా కూర్చోబెట్టడం, తిన్నాక కూడా అరగంట పడుకోబెట్టకపోవడం అందరికీ తెలిసినవే. నోరు కడగడాన్ని మాత్రం ఎవరూ పెద్ద పనిగా చూడరు. నేనూ చూడలేదు. ఊపిరితిత్తుల్లోకి జారే లాలాజలంతో పాటు నోట్లోని సూక్ష్మక్రిములూ వెళతాయి కాబట్టి, కట్టుడు పళ్లు తీసి తోమడం, నాలుక శుభ్రం చేయడం అంటే నిమోనియాకు దారి తగ్గించడమే. పార్కిన్సన్స్ వాళ్లకు ఇచ్చే లెవోడోపా మాత్ర కూడా అంతే. గంట ఆలస్యమైతే చేతులతో పాటు గొంతు కండరాలూ బిగుసుకుంటాయి. ముందు మాత్ర, అది పనిచేయడం మొదలయ్యాక భోజనం. వార్డు మందుల టైము ఒకటి, ఈ పేషెంట్ల టైము ఇంకొకటి. దీని మీద ఫార్మసీతో ఎన్నిసార్లు వాదించానో లెక్కలేదు.

వాదించడం కూడా ఇక్కడికొచ్చాకే నేర్చుకున్నాను. ఇంతకుముందు పనిచేసిన చోట డాక్టర్ వేయమన్న కాథెటర్, అంటే మూత్రం బయటికి తెచ్చే గొట్టం, డాక్టర్ తీయమనేదాకా ఉండేది. ఇక్కడ రౌండ్స్‌లో "ఈ కాథెటర్ ఇంకా ఎందుకు?" అని రోజూ అడగాల్సింది నర్సే. మొదట్లో ఆ ఒక్క వాక్యం మనసులో ఐదుసార్లు అనుకునేదాన్ని, ఈలోగా డాక్టర్ పక్క బెడ్‌కు వెళ్లిపోయేవారు. కాథెటర్ ఉన్న ప్రతి రోజూ మూత్రంలో బ్యాక్టీరియా చేరే అవకాశం 3 నుంచి 7 శాతం, నెల దాటితే దాదాపు అందరిలోనూ ఉంటుంది. అలాగని బ్యాగ్‌లో మూత్రం మబ్బుగా కనిపించగానే యాంటీబయాటిక్ మొదలుపెట్టడమూ తప్పే. బ్యాక్టీరియా ఉండటం వేరు, ఇన్ఫెక్షన్ వేరు. అవసరం లేని యాంటీబయాటిక్ పేగుల్లోని మంచి క్రిములను చంపి, సి డిఫ్ అనే బ్యాక్టీరియా తెచ్చే విరేచనాలకు తలుపు తీస్తుంది. అది వచ్చిందంటే చేతికి రాసుకునే శానిటైజర్ చాలదు, ఆల్కహాల్ ఆ బ్యాక్టీరియా బీజాలను చంపలేదు, సబ్బు నీళ్లతోనే కడగాలి. చలికాలం చివరికొచ్చేసరికి నా వేళ్ల కణుపులు పగిలిపోతాయి.

మయస్తీనియా వాళ్లతో భయం ఇంకో రకం. ఇన్ఫెక్షన్ వస్తే శ్వాస కండరాలే చేతులెత్తేయొచ్చు, దానికి ఇచ్చే జెంటామైసిన్, సిప్రోఫ్లాక్సాసిన్ లాంటి యాంటీబయాటిక్ మందులు ఆ బలహీనతను ఇంకా పెంచగలవు. ఎంచుకోవాల్సింది డాక్టరే అయినా, కొత్త మందు రాసిన ప్రతిసారీ జబ్బు పేరు గుర్తు చేస్తాను. ఎవరైనా చిరాకు పడితే పడనీ.

ఆ పెద్దాయన నిమోనియా నుంచి మెల్లగా కోలుకుని, మూడు వారాల తర్వాత ఇంటికి వెళ్లారు. తర్వాతి ఏడాది ఇంకో ఆవిడ, అదే కిటికీ పక్క బెడ్. ఉదయం హ్యాండోవర్‌లో నా వంతు వచ్చింది. "జ్వరం లేదు, దగ్గు లేదు. కానీ నిన్న ముద్ద మింగడానికి పట్టిన టైముకు ఈరోజు రెట్టింపు పట్టింది, నా పేరు తప్పు పలికినందుకు రోజూ నవ్వే మనిషి ఈరోజు నవ్వలేదు. శ్వాసలు నిమిషానికి 24, నేనే లెక్కపెట్టాను" అన్నాను. ఎవరూ మళ్లీ చెప్పమని అడగలేదు. డాక్టర్ స్టెతస్కోప్ తీసుకుని కిటికీ వైపు నడిచారు.