బోర్డు తిప్పి కూర్చున్నాకే అర్థమైన ఓపెనింగ్

చెస్ రేటింగ్ కోసం తిప్పలు పడుతున్న మిత్రులకు నమస్తే. మొన్ననే నాకు తొలి ఫిడే (అంతర్జాతీయ చెస్ సమాఖ్య) రేటింగ్ వచ్చింది. 2024 మార్చి నుంచి 1400 కంటే తక్కువ రేటింగే ఇవ్వడం లేదు కదా, నాది దానికి కాస్త పైన. చెప్పుకునేంత అంకె కాదు. దానికే ఏడాదిన్నర పట్టింది, అందులో ఏడాది ఓపెనింగ్‌లు (ఆట మొదట్లో ఆడే ఎత్తుల వరసలు) బట్టీ పట్టడంలోనే పోయింది.

నల్లపావులతో నేను ఆడేది క్వీన్స్ గాంబిట్ డిక్లైన్డ్, అంటే తెల్ల ఇవ్వజూపిన సి బంటుని కొట్టకుండా ఆడే ఓపెనింగ్. అందులో ఎక్స్ఛేంజ్ వేరియేషన్ (డి5లో బంట్లు మార్చుకునే దారి) పన్నెండు ఎత్తుల దాకా నోటికి వచ్చు. ఓ టోర్నీ మూడో రౌండ్‌లో ఎదురుగా కూర్చున్న పెద్దాయన తొమ్మిదో ఎత్తుకే నేను చదవనిది ఆడేశారు. నా బుర్ర ఖాళీ. ఆయన తాపీగా రూక్‌ని (ఏనుగుని) బి1 గడికి తెచ్చి, బంటుని బి4, బి5 నెట్టి, సి6లో మార్పిడి చేశారు. ఇక నా సి6 బంటుకి కాపు కాసే బంటే లేదు. సి ఫైల్‌లో (నిలువు వరసలో) ఆయన రూక్‌లు రెండూ దాని మీదే గురిపెట్టాయి. ముందు అది పోయింది, తర్వాత నేను పోయాను.

ఇంటికొచ్చి, బోర్డు తిప్పి రెండు వారాలు తెల్లవైపే ఆడాను. డి5లో మార్పిడి అయ్యాక క్వీన్ వైపు తెల్లకి రెండు బంట్లు, నల్లకి మూడు. ఆ ఇద్దరూ వెళ్లి ఈ ముగ్గుర్నీ కెలకడమే మైనారిటీ ఎటాక్. ఇంతవరకూ చదివిందే. కానీ తెల్లవైపు కూర్చుంటేనే తెల్ల భయం తెలిసింది. బి4 ఆడగానే సి4 గడికి కాపలా పోతుంది. అక్కడ నల్లగుర్రం దిగితే సి ఫైల్‌కి మూత పడినట్టే! అందుకే నల్ల కూడా ఒక్కోసారి బి5 ఆడుతుంది. సి6ని చేజేతులా బలహీనం చేసుకునే ఈ ఎత్తు నాకు అంతకుముందు శుద్ధ పిచ్చిపనిలా కనిపించేది. గుర్రం బి6లోనో డి6లోనో సిద్ధంగా ఉంటేనే ఇది పనిచేస్తుంది. దూరంగా ఉంటే తెల్ల ఏ4 ఆడి పీకేస్తుంది, నేనూ రెండుసార్లు దెబ్బతిన్నాను.

ఇంకో సంగతి. తెల్ల రాజువైపు గుర్రం ఎఫ్3కి కాకుండా ఈ2కి వెళ్తే కథ వేరు. అప్పుడు ఎఫ్3, ఆపైన ఈ4 వస్తాయి. 1952లో ప్రపంచ ఛాంపియన్ బోత్విన్నిక్ తోటి సోవియట్ గ్రాండ్‌మాస్టర్ కేరెస్‌ని ఓడించిన గేమ్ ఇలాంటిదే, తప్పకుండా వేసి చూడండి. అక్కడ సి4 గుర్రం గురించి కలలు కంటే లాభం లేదు, అదను చూసి సి5తో సెంటర్‌ని కదిలించాలి.

ఇప్పుడు నా నోట్‌బుక్‌లో ఎడమ పేజీ తెల్లది, కుడి పేజీ నల్లది. ఎవరికి ఏ పావు మార్చుకోవాలని ఉంది, ఎవరికి ఏ గడి మీద ఆశ ఉంది, ఇవే రాస్తాను. అవి రాశాకే ఇంజన్ (ఎత్తులు లెక్కగట్టే చెస్ ప్రోగ్రామ్) ఆన్ చేస్తాను.

మొన్న చివరి రౌండ్‌లో మళ్లీ అదే పొజిషన్ వచ్చింది. ఈసారి గుర్రం సి4లో కూర్చుంది, ఎదుటివాడు ఇరవై నిమిషాలు ఆలోచించి దాన్ని బిషప్‌తో కొట్టాడు. గేమ్ మాత్రం డ్రా. రూక్ ఎండ్‌గేమ్ (రూక్‌లు మిగిలిన ఆట చివరి దశ) నేర్చుకోవడం ఇంకా మొదలుపెట్టలేదు లెండి.