131072 అనే అమాయకపు నంబరు

మార్చి నెలంతా లైనక్స్ కెర్నెల్‌ని (ప్రోగ్రాములకి మెమరీనీ, ప్రాసెసర్‌నీ పంచిపెట్టే భాగం) తిట్టుకుంటూ గడిపాను. తప్పు దానిది కాదని తేలింది. అయినా పూర్తిగా క్షమించలేదు, అది వేరే సంగతి.

మా సర్వీసు పని చిన్నదే. స్కాన్ చేసిన కాగితాల బొమ్మలు వస్తాయి, వంకర సరిచేసి, సైజు తగ్గించి పంపాలి. ఒక్కో బొమ్మకి 8 ఎంబీ బఫర్, అంటే పని సాగేంతసేపు వాడుకునే మెమరీ. ఒకటే ప్రాసెస్, అందులో ఒకేసారి పనిచేసే 48 థ్రెడ్లు. 16 థ్రెడ్లు దాటాక వేగం పెరగడం ఆగిపోయింది, 32 దాటాక తగ్గడం మొదలైంది. సమయం ఎక్కడ పోతోందో చూపించే పెర్ఫ్ పెట్టి చూస్తే పైన రెండు పేర్లు కూర్చున్నాయి. ఒకటి క్లియర్ పేజ్, అంటే పేజీని (4 కేబీ మెమరీ ముక్క) సున్నాలతో నింపే పని. రెండోది ఆర్‌డబ్ల్యూసెమ్ డౌన్ రీడ్ స్లోపాత్, అంటే లాక్ కోసం పడిగాపులు.

మాలక్ (ప్రోగ్రాముకి మెమరీ తెచ్చిపెట్టే ఫంక్షన్) అంత పెద్ద బఫర్ అడిగినప్పుడు కెర్నెల్ మెమరీ చేతికివ్వదు, ఇస్తానని రాసుకుంటుంది, అంతే. ఆ చిరునామాని మనం మొదటిసారి ముట్టుకున్నప్పుడు ప్రాసెసర్ ఉలిక్కిపడి, చిరునామాని సీఆర్2 రిజిస్టర్‌లో పెట్టి కెర్నెల్‌ని పిలుస్తుంది. అదే పేజ్ ఫాల్ట్. కెర్నెల్ ఆ చిరునామా ఏ వీఎంఏలోదో (ప్రాసెస్ చిరునామాల్లో ఒక వరస ముక్క) వెతికి, పేజీ తెచ్చి, సున్నాలు నింపి, పేజ్ టేబుల్‌లో ఎక్కిస్తుంది. ఇంత తతంగమూ 4 కేబీ కోసం. 8 ఎంబీకి 2048 సార్లు. (మా సర్వర్లలో హ్యూజ్ పేజీలు, అంటే 4 కేబీ కన్నా బాగా పెద్దవి, అడిగినవాళ్లకే ఇచ్చేలా పెట్టి ఉన్నాయి. మేం అడగలేదు.)

మా తాతయ్య కరణీకం చేశారు. అందుకేనేమో, వీఎంఏ అంటే నాకు సర్వే నంబరే గుర్తొస్తుంది. ఎక్కడి నుంచి ఎక్కడి దాకా, ఎవరికి ఏ హక్కు అన్నదే అందులో ఉండేది. మేం అప్పట్లో వాడుతున్న 5.15 కెర్నెల్‌లో ప్రాసెస్ మొత్తానికి ఒకటే ఎంమ్యాప్ లాక్, ఊరంతటికీ ఒకటే అడంగల్ ఉన్నట్టు. ఫాల్టులు చదువుకోడానికి వస్తాయి కాబట్టి ఎన్ని థ్రెడ్లైనా కలిసి చూడొచ్చు. కానీ ఒక థ్రెడ్ ఎంమ్యాప్ (కెర్నెల్ నుంచి కొత్త చిరునామాలు తీసుకోవడం) చేసినా, ఎంఅన్‌మ్యాప్ (వాటిని తిరిగిచ్చేయడం) చేసినా అది రాత పని. రాత అయ్యేదాకా మిగతావాళ్లంతా అరుగు మీద కూర్చోవాల్సిందే.

దీనికి మందు 2023లో, 6.4 కెర్నెల్‌తో వచ్చింది. సురెన్ బగ్దసర్యాన్ ప్యాచ్‌లతో ఒక్కో వీఎంఏకి సొంత లాక్ వచ్చింది. అంతకుముందు లోరాన్ డ్యూఫో వగైరాలు లాక్ తీసుకోకుండానే ఫాల్ట్ తీర్చేసే స్పెక్యులేటివ్ పద్ధతి కోసం ఏళ్ల తరబడి కష్టపడ్డారు, అది మెయిన్‌లైన్‌లోకి, అంటే అసలు కెర్నెల్‌లోకి, చేరలేదు. 6.1లో వీఎంఏలని రెడ్ బ్లాక్ ట్రీ అనే అమరిక నుంచి మేపుల్ ట్రీ అనే అమరికలోకి మార్చడంతో, పెద్ద లాక్ లేకుండా వెతకడానికి దారి దొరికింది. 6.4 వచ్చీ రాగానే ఫోర్క్ (ప్రాసెస్‌కి నకలు తీయడం) దగ్గర మెమరీ పాడయ్యే బగ్ ఒకటి బయటపడింది, తర్వాత సరిచేశారు. ఆ భయంతోనే నేను 6.6 దాకా ఆగాను.

6.6 ఎక్కించాం. పడిగాపులు బాగా తగ్గాయి. క్లియర్ పేజ్ మాత్రం కదల్లేదు. ముందే ఎంమ్యాప్ పాపులేట్‌తో నింపేద్దామా అనుకున్నాను కానీ, దాంతో ట్రాప్‌ల (ఫాల్ట్ వచ్చినప్పుడల్లా కెర్నెల్‌లోకి దూకడం) ఖర్చు పోతుందేమో గానీ సున్నాలు నింపే ఖర్చు ఎక్కడికి పోతుంది?

అసలు ప్రశ్న అడగాల్సింది అప్పుడు. పదివేల బొమ్మలయ్యాక కూడా ప్రతి బొమ్మకీ 2048 కొత్త ఫాల్టులెందుకు? ప్రోగ్రాము కెర్నెల్‌ని అడిగేవన్నీ చూపించే ఎస్‌ట్రేస్‌లో బొమ్మకో ఎంమ్యాప్, బొమ్మకో ఎంఅన్‌మ్యాప్ కనిపించాయి. మాలక్ ఉండే సీ లైబ్రరీ జీలిబ్‌సీలో 128 కేబీ దాటిన బ్లాకులు ఎంమ్యాప్‌తో వస్తాయి, నిజమే. కానీ అలాంటి బ్లాకుని ఒకసారి ఫ్రీ చేశాక జీలిబ్‌సీ తన హద్దుని ఆ సైజు దాకా పెంచుకుంటుంది, 64 బిట్‌లో 32 ఎంబీ వరకూ. తర్వాతి బఫర్ హీప్ నుంచే, అంటే ప్రాసెస్ తన దగ్గరే అట్టేపెట్టుకున్న మెమరీ నుంచే, రావాలి. మాకెందుకు రావట్లేదు?

కొత్తగా చేరిన కుర్రాడు స్టార్ట్ స్క్రిప్ట్ చదువుతూ, "అక్కా, ఈ మాలక్ ఎంమ్యాప్ థ్రెషోల్డ్ 131072 డిఫాల్టే కదా, మళ్లీ ఎందుకు పెట్టారు?" అన్నాడు. ఆ హద్దే. 128 ఇంటూ 1024. డిఫాల్టే. ఎవరో పద్ధతిగా ఉంటుందని రాసి ఉంటారు. అయితే ఆ విలువని మనం చేత్తో పెట్టామంటే, అది డిఫాల్టే అయినా సరే, జీలిబ్‌సీ సొంతంగా హద్దు మార్చుకోవడం మానేస్తుంది. మాన్ పేజీలో (లైనక్స్ మాన్యువల్‌లో) ఉంది. నేను ఆ పేజీ ఎన్నిసార్లు తెరిచానో!

లైను తీసేశాం. మొదటి కొన్ని బొమ్మలయ్యాక ఫాల్టులు దాదాపు ఆగిపోయాయి.

శుక్రవారం సాయంత్రం ఊరికే ఒక పాత మెషీన్ మీద, 5.15 కెర్నెల్‌తోనే, ఆ లైను తీసి నడిపాను. గ్రాఫు 48 థ్రెడ్ల దాకా ఎక్కడా ఒరగలేదు. కెర్నెల్ అప్‌గ్రేడ్ కోసం నేను రాసిన పదకొండు పేజీల డాక్యుమెంట్‌లో ఈ గ్రాఫు ఇంకా చేర్చలేదు.