మా అంబాసిడర్ ఫ్యాన్‌కి రేకు తొడుగు

ఒడిశాలోని జయపురం నుంచి సాలూరు వెళ్ళాలంటే సుంకి ఘాటీ, అంటే కొండదారి, దిగాలి. దిగేటప్పుడు మా అంబాసిడరంత బుద్ధిమంతురాలు ఇంకోటి ఉండదు. తిరిగొచ్చేటప్పుడే దాని అసలు గుణం బయటపడేది. ముందు బరువు లారీ, వెనక రెండో గేరులో మేము. మూడు మలుపులు తిరిగేసరికి వేడి మీటరు ముల్లు ఎర్రగీత మీద కూర్చునేది, బానెట్ కింద నుంచి అన్నం ఉడుకుతున్న చప్పుడు. బండి పక్కకి తీసి, రాయి అడ్డం పెట్టి, అరగంట ఆగి నీళ్ళు పోసుకోవడం మాకు ఆచారమైపోయింది. మా ఆవిడ ఆ అరగంటకని వేరే టిఫిన్ డబ్బా కూడా కట్టేది.

బండి 1984 నాటి మార్క్ ఫోర్, 1489 సీసీ పెట్రోలు ఇంజను. మా మావయ్యగారి దగ్గర్నుంచి నా చేతికొచ్చింది. ఉత్తరపారా కార్ఖానాలో అంబాసిడర్ల తయారీ 2014లోనే ఆగిపోయింది. కాబట్టి ఏ రోగమొచ్చినా మందు మనమే నూరుకోవాలి.

నూరాను. రేడియేటర్ కడిగించాను, మూత మార్చాను, వాటర్ పంపు చూపించాను, ఇగ్నిషన్ టైమింగ్ సరిచేయించాను. థర్మోస్టాట్ (ఇంజను వేడెక్కాకే నీళ్ళని రేడియేటర్‌కి వదిలే కవాటం) విప్పి, వంటింట్లో గిన్నెలో నీళ్ళు కాచి అందులో వేసి, తెరుచుకుంటోందో లేదో చూశాను. తెరుచుకుంది. (ఆ గిన్నె మళ్ళీ వంటకి పనికిరాలేదు, అది వేరే పంచాయితీ.) థర్మోస్టాట్ తీసి పారేయమని సలహా ఇచ్చినవాళ్ళు నలుగురు. డిసెంబరు పొద్దున కోరాపుట్ చలిలో ఇంజను వేడెక్కక ఎంత ఏడుస్తుందో వాళ్ళకేం తెలుసు? తీయలేదు.

చివరికి గుట్టు విప్పింది ఒక పేపరు ముక్క. ఇంజను ఐడిల్‌లో, అంటే బండి కదలకుండా ఊరికే తిరిగేలా ఉంచి, గ్రిల్ తీసేసి, నోట్‌బుక్ కాగితం రేడియేటర్ ముందు పెట్టాడు మా మిస్త్రీ. నడిమిన ఠక్కున అతుక్కుంది. మూలకి జరపగానే జారి కింద పడింది. నాలుగు మూలల్లోనూ అదే వరస.

"ఏటి మాస్టారూ, సగం రేడియేటరే పని చేస్తంది. మిగతాది కూకుని తింటంది," అన్నాడు.

ఎప్పుడో ఎవరో పెద్ద కోర్ (నీళ్ళ గొట్టాలుండే నడిభాగం) ఉన్న రేడియేటర్ వేసి ఊరుకున్నారు. ఫ్యాన్ మాత్రం పాతదే. పైగా ఫ్యాన్‌కీ రేడియేటర్‌కీ మధ్య చుట్టూ ఖాళీ. ఫ్యాన్‌కి తేలిగ్గా దొరికే గాలి కావాలి. రేడియేటర్ సందుల్లోంచి లాగడం కష్టం గనక, పక్కనున్న ఖాళీలోంచి ఇంజను వేడిగాలినే మళ్ళీ మళ్ళీ తిప్పుకుంటోంది. రోడ్డు మీద అరవై స్పీడులో ఎదురుగాలి వల్ల ఈ లోపం తెలియదు. ఘాటీలో ఇరవైలో పాకుతున్నప్పుడు బయటపడుతుంది. దీనికి మందు ఫ్యాన్ చుట్టూ తొడుగు. ష్రౌడ్ అని దాని అసలు పేరు, మా మిస్త్రీ భాషలో ఫ్యాన్ కవర్.

ముందు అట్టతో నమూనా చేశాను. ఫ్రిజ్ వచ్చిన అట్టపెట్టె. రేడియేటర్ నడిమికీ ఫ్యాన్ నడిమికీ పొంతన లేదని అప్పుడే తెలిసింది. కాబట్టి కన్నం రేడియేటర్ కొలతతో కాకుండా ఫ్యాన్ ఇరుసు నుంచి కొలిచి గీశాను. రెక్కలు సగం తొడుగు లోపల, సగం బయట ఉండాలి. మరీ లోపలికి పోతే ఫ్యాన్ వదిలే గాలికి దారుండదు, మరీ బయటుంటే తొడుగు ఉన్నా లేనట్టే. రేకుల పని చేసే ఒడియా ఆయనకి అట్ట ఇస్తే, తిప్పి చూసి "హెబొ ఆగ్యా" (అవుతుందండీ) అన్నాడు. మర్నాటికి జీఐ (జింకు పూత) రేకుతో తయారు. రేకూ కూలీ కలిపి తొమ్మిది వందలు.

బిగించాం, స్టార్ట్ చేశాం, బ్రహ్మాండం. మిస్త్రీ ఒక్కసారి యాక్సిలరేటర్ తొక్కాడు. కంచాల అంగడి కూలినట్టు మోత! ఆపి చూస్తే ఒక రెక్క కొస వంగింది, తొడుగు అంచు మీద ఒకవైపే మెరిసే గీత.

నేను చేసిన తప్పు అరంగుళం. కన్నానికీ రెక్కకీ మధ్య అరంగుళమే వదిలాను, ఎంత దగ్గరుంటే అంత గాలి అని. రేడియేటర్ బాడీకి బిగించి ఉంటుంది, కదలదు. ఇంజను రబ్బరు మౌంటింగుల మీద కూర్చుంటుంది, తొక్కినప్పుడల్లా పక్కకి ఒరుగుతుంది. దాంతోపాటే ఫ్యానూ. మా బండి మౌంటింగులు ముసలివైపోయి మరీ ఊగుతున్నాయి. అవి కొత్తవి వేయించి, వంగిన రెక్కని సాపు చేయకుండా ఫ్యాన్ మొత్తం మార్చాను. వంగినదాన్ని సుత్తితో కొట్టి వాడేవాళ్ళున్నారు. తిరిగే ఫ్యాన్ తూకం తప్పితే వాటర్ పంపు బేరింగే మొదటి బలి. రెక్క విరిగితే సరాసరి రేడియేటర్లోకే.

రెండో తొడుగుకి చుట్టూ అంగుళం వదిలాం. ఈసారి ఒక్క ముక్కగా కాకుండా పైసగం, కిందిసగం వేరు చేయించాను. మొదటిది పెట్టడానికి ఫ్యాన్ విప్పాల్సొచ్చింది. దార్లో ఫ్యాన్ బెల్టు తెగితే ఆ పని చీకట్లో ఎవడు చేస్తాడు? రేడియేటర్ సందుల్లోంచి ప్లాస్టిక్ జిప్ టైలు దూర్చి కట్టేద్దామని ఒకాయన అన్నాడు గానీ, అవి రాసుకుని గొట్టాలు చిల్లులు పడతాయి. పక్క అంచులకే కన్నాలు వేసి, ఆరు ఎమ్మెమ్ బోల్టులు, స్ప్రింగ్ వాషర్లు. రేకుకీ రేడియేటర్‌కీ మధ్య సైకిల్ ట్యూబు కోసి అంచంతా అతికించాను, గాలి దొంగదారి పట్టకుండా.

మళ్ళీ కాగితం. ఈసారి కింది ఎడమ మూలలో పెట్టి వదిలేశాను. పడలేదు.

మే నెల రెండో వారంలో, మిట్టమధ్యాహ్నం సాలూరు నుంచి ఎక్కాం. ముందు సిమెంటు లారీ కూడా దొరికింది, దాటే అవకాశం లేదు. ముల్లు సగం దాటి ఇంకో వేలెడు పైకెళ్ళింది, అక్కడే ఆగిపోయింది. పొట్టంగి చేరేదాకా బానెట్ ఎత్తలేదు. టిఫిన్ డబ్బా ఇంటికొచ్చాకే విప్పాం.

ఐడిల్‌లో మాత్రం కుడివైపు పై బోల్టు దగ్గర తుమ్మెద రొదలా ఒక చప్పుడు వస్తోంది. ట్యూబు ముక్క అక్కడ జారినట్టుంది. పదో నంబరు స్పానర్ బయటే పెట్టాను, ఆదివారం చూడాలి.